వార్షిక నివేదిక: క్లౌడ్‌కు మారే ముందు చిన్న, మధ్య తరహా వ్యాపారాలు ఎక్కడ ఆగుతున్నాయి?

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సంఘం శిక్షణ తరగతులు, సలహా కేంద్రం పని దాదాపు ఒకే ప్రశ్న మీద నడిచాయి: సర్వర్‌ను ఆఫీసులోనే ఉంచుకోవాలా, క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకునే సర్వర్లకు మార్చాలా? అందరూ ముందు అడిగేది ధర. తీరా పని మొదలయ్యాక అడ్డుపడేది మాత్రం ఎక్కువగా అప్‌లోడ్ వేగం.

1 టీబీ (వెయ్యి జీబీ) డేటాను 10 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) అప్‌లోడ్‌తో ఎక్కిస్తే, లైన్ ఒక్కసారి కూడా తెగకపోయినా 9 రోజులు దాటుతుంది. 100 ఎంబీపీఎస్ ఉంటే 22 గంటలు. కనెక్షన్ ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనిపించేది డౌన్‌లోడ్ వేగం. దాన్ని చూసి ముహూర్తం పెట్టుకోవద్దు. పని వేళల్లో, కనీసం మూడు రోజులు అప్‌లోడ్ కొలవండి. పాత ఫైళ్లను రాత్రిళ్లు పంపి, మారే రోజుకు కొత్తగా మారినవి మాత్రమే మిగుల్చుకోండి.

ఇక బిల్లు. క్లౌడ్ మెషీన్‌కు ఛార్జీ సాధారణంగా నడిచిన గంటల లెక్కన పడుతుంది. నెలకు సుమారు 730 గంటలు. రోజుకు 10 గంటల చొప్పున 26 రోజులు నడిపితే 260 గంటలే కాబట్టి ఖర్చు మూడో వంతుకు దిగుతుందని లెక్కేస్తారు. అంత దిగదు. మెషీన్ ఆపినా డిస్కుకు, స్నాప్‌షాట్‌లకు (డిస్కు నకళ్లకు) మీటరు తిరుగుతూనే ఉంటుంది. కొన్ని సేవల్లో విండోస్ లోపలి నుంచి షట్‌డౌన్ చేస్తే చాలదు, క్లౌడ్ సంస్థ ఇచ్చే నియంత్రణ పేజీలో (కన్సోల్‌లో) ఆపితేనే గంటల లెక్క ఆగుతుంది. బడ్జెట్ అలర్ట్ కూడా హెచ్చరిస్తుందే తప్ప, దానంతటది ఖర్చును ఆపదు.

ఒప్పందంలో 99.9 శాతం అప్‌టైమ్ (సేవ నడిచే సమయం) అంటే నెలకు 43 నిమిషాలు సేవ ఆగినా ఒప్పందం తప్పినట్టు కాదు. తప్పినా సాధారణంగా వచ్చేది తర్వాతి బిల్లులో తగ్గింపే. పోయిన అమ్మకాలకు పరిహారం రాదు.

భద్రత గురించిన భయం చాలామందిది తప్పు చోట ఉంది. సర్వర్లు ఉండే డేటా సెంటర్ కాపలా సేవాదారుడి, అంటే క్లౌడ్ సంస్థ పని. పాస్‌వర్డులు, అనుమతులు, పొరపాటున చెరిపేసిన ఫైళ్లు మన బాధ్యత. అడ్మిన్ ఖాతా ఒక్క ఉద్యోగి సొంత ఫోన్ నంబరుకు ముడిపడి ఉంటే, ఆయన మానేసిన రోజున తాళంచెవి కూడా వెళ్లిపోతుంది. సంస్థ డొమైన్ ఈమెయిల్‌తో ఇద్దరు అడ్మిన్‌లు, ఇద్దరికీ రెండంచెల ధ్రువీకరణ ఉండాలి.

డేటా బయటికి తెచ్చుకునే ఛార్జీని సంతకానికి ముందే అడగండి. ఐరోపా సమాఖ్య డేటా చట్టం 2027 జనవరి 12 నుంచి సేవాదారుడిని మారినందుకు ఛార్జీ వసూలు చేయకూడదంటోంది. మిగతాచోట్ల ఒప్పందంలో రాసుకున్నదే దిక్కు.

వచ్చే ఏడాది తరగతుల్లో బ్యాకప్ తీయడం కన్నా, దాన్ని వేరే మెషీన్‌లో తిరిగి తెరిచి చూడటానికే ఎక్కువ సమయం కేటాయిస్తున్నాం.