గునుగు గింజలిచ్చిన గార్డెన్ క్లబ్ ఆవిడకి

మా కాలనీ పార్కులో ఆ మూల చెత్త పోసే జాగా. అక్కడ బతుకమ్మ పేర్చే తంగేడు, గునుగు, కట్ల పూలు పెంచుదామంటే "పిచ్చి మొక్కలకి పార్కెందుకు?" అని నవ్వినవాళ్లే ఎక్కువ. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పమని చెప్పినా అంతే. గార్డెన్ క్లబ్ నుంచి వచ్చిన మీరు మాత్రం నవ్వలేదమ్మా. చెప్పులు పక్కన విడిచి, గుప్పెడు మట్టి తీసి నలిపి చూసి, "రాళ్ల నేలైతే ఏం, తంగేడు వస్తుంది" అన్నారు.

మరుసటి ఆదివారం క్లబ్ తరఫున పలుగూ పారలూ, రెండు బస్తాల ఎండుటాకుల ఎరువూ, ఒక అగ్గిపెట్టె కూడా తెచ్చారు. తెరిస్తే గునుగు గింజలు! నల్లగా మెరుస్తూ, ఆవాల కంటే చిన్నవి. లోతుగా పాతొద్దు, పైన చల్లి అరచేత్తో అదిమితే చాలన్నారు. అంతకుముందు ఏడాది నేను తంగేడు గింజలు నానబెట్టకుండానే పాతేసి నెలంతా నీళ్లు పోశాను, ఒక్కటీ మొలవలేదు. పైపెంకు గట్టిదనీ, వేడినీళ్లలో వేసి రాత్రంతా నాననివ్వాలనీ మీరు చెప్పాకే తెలిసింది.

ఈసారి ఎంగిలిపూల బతుకమ్మకి మా వీధి పిల్లలు పూలు అక్కడే కోశారు. తంగేడు ఆకుల మీద పచ్చ గొంగళిపురుగులు చూసి ఒకాయన మందు కొట్టబోతే, అవి సీతాకోకచిలుకలవుతాయని ఆపాను. అదీ మీరు చెప్పిందే.

పేరడిగితే "క్లబ్ అని రాసుకోండి" అని బండెక్కేశారు. మీకూ, మీ క్లబ్ వాళ్లకీ మా వీధంతటి తరఫునా దండాలు. గునుగు గింజలు ఎండబెట్టి రెండు అగ్గిపెట్టెలు నింపి ఉంచాను, వచ్చి తీసుకెళ్లండి.