ఒరేయ్ మేనేజరూ, పుచ్చకాయలో పోపు!

రాజమండ్రి, అత్తయ్య ఇంటి నుంచి
మే నెలాఖరు, మధ్యాహ్నం (ప్రస్తుతానికి కరెంటు ఉంది)

ఒరేయ్ మేనేజరూ,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసుకో. ఉగాదికి వచ్చిన నీ ఉత్తరానికి రోహిణి కార్తెలో జవాబు రాస్తున్నాను, తప్పించుకోవడానికి సాకులేం లేవు. రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఎవరో ఒకరు పిలవడం, నేను లేవడం. నాన్న కంటి ఆపరేషన్ బాగానే జరిగింది, పేపరు తనే చదువుకుంటున్నారు, కాకపోతే ఇప్పటికీ మాకు వినిపించేలా పైకే చదువుతున్నారు. చిన్నది పది పాసయింది. స్కూటర్ అమ్మేశాను, అవును, ఆ స్కూటరే, ఏడవకు. ఇంక క్షేమసమాచారాలు చాలు. అసలు సంగతి మొన్నటినుంచి కడుపులో ఆగడం లేదు, మన హాస్టల్ మూడో నంబర్ గదిలో ఉండి ఉంటే ఆ రాత్రే నిన్ను లేపి చెప్పేవాణ్ణి.

మొన్న ఆదివారం సాయంత్రం అత్తయ్య మేడమీద అందరం కలిశాం. సెలవులు కదా, హైదరాబాద్ వాళ్ళు, బెంగళూరు వాళ్ళు, కాకినాడ పిన్ని సపరివారంగా, అంతా కలిపి ముప్ఫై మందికి పైమాటే. బిర్యానీ బయట చెప్పారు. పెరుగన్నం, ఆవకాయ ఇంట్లోవే. రోళ్ళు పగిలే ఈ ఎండల్లో రాగానే చల్లగా ఏదో ఒకటి చేతిలో పెట్టాలి కదా అని చర్చ మొదలైంది. కూల్‌డ్రింకులు అని బావ, మజ్జిగ అని అత్త. నేను పుచ్చకాయ సలాడ్ చేస్తానన్నాను. అందరూ నావైపు చూసిన చూపు ఉంది చూశావూ, నువ్వు ఆ పెరుగు గిన్నెతో వార్డెన్‌కి దొరికిన రోజు మెస్సంతా చూసిన చూపే.

"పుచ్చకాయ కోసి పెడితే తింటారు కదరా, దానికి సలాడ్ అని పేరెందుకు?" అంది అత్త. అంతటితో ఆగినా బాగుండేది. ఉల్లిపాయ కూడా పడుతుందని చెప్పేసరికి "పుచ్చకాయలో ఉల్లిపాయా! ఉండు, మీ నాన్నకి ఫోన్ చేస్తాను" అని నిజంగానే ఫోన్ తీసింది. నాన్నేమో "వాడు హాస్టల్లో అంతకన్నా ఘోరాలు తిన్నాడు, చెయ్యనీ" అన్నారట. ఎవరు చెప్పారురా ఆయనకి? నువ్వేనా?

కాయలు కొనడానికి బావా నేనూ వెళ్ళాం. రోడ్డు పక్కన గడ్డి పరిచి కుప్పలు పోశారు. బావ ఒక్కో కాయనీ చెవి దగ్గర పెట్టుకుని తబలా వాయించినట్టు వాయిస్తున్నాడు, కొట్టువాడు ఓపిగ్గా చూస్తున్నాడు. నాకు ఆ వాయింపుడు మీద ఎప్పుడూ నమ్మకం లేదు. కాయని తిరగేసి కింద చూడాలి. నేలకి ఆనుకున్న చోట మచ్చ ఉంటుంది కదా, అది వెన్నపూస రంగు దాటి పసుపులోకి దిగితే తీగ మీదే పండిందని అర్థం, తెల్లగా ఉంటే తొందరపడి కోసేశారని. మామిడికాయనైతే గడ్డిలో పెట్టి ముగ్గేస్తాం గానీ, దీనికి ఆ అవకాశం లేదు. కోసిన రోజు ఎంత తీపి ఉందో అంతే. ఒకే సైజువి రెండు పట్టుకుని బరువుగా ఉన్నది తీసుకోవడం రెండో లెక్క, ఎందుకంటే నూటికి తొంభై పాళ్ళ పైన నీళ్ళే అందులో. అలా చూసి రెండు కాయలు తెచ్చాం, ఒక్కోటి ఐదు కిలోల పైనే. తొక్క పోగా ఆరేడు కిలోల ముక్కలొస్తాయి, ముప్ఫై మందికి తలో కప్పు ధారాళంగా సరిపోతుంది.

ఇంటికొచ్చాక బావ ఇంకో నాటకం. ఫ్యామిలీ గ్రూపులో ఎవరో పుచ్చకాయలకి రంగు ఇంజక్షన్ చేస్తున్నారని వీడియో పెట్టారట. కొయ్యగానే ఆగు ఆగు అని దూది పట్టుకొచ్చాడు. దూదితో ముక్కని రుద్దితే ఎర్రగా రంగు అంటుకుంటే కల్తీ అని, ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ళు చెప్పిన పరీక్షే అది, దాన్ని నేనేమీ అనను. కానీ పిల్లలందరినీ చుట్టూ నిలబెట్టి, కళ్ళజోడు పెట్టుకుని, కోర్టులో సాక్ష్యం చూపించినట్టు దూది పైకెత్తి చూపించాలా? దూది తడిసింది తప్ప ఎర్రబడలేదు. "సురక్షితం" అని ప్రకటించి, రుద్దిన ఆ ముక్కే నోట్లో వేసుకుని, పది నిమిషాలు దూది పోగులు ఊస్తూ తిరిగాడు.

నువ్వెలాగూ అడుగుతావు కాబట్టి ఎలా చేశానో చెప్తాను. గ్రీసులో, టర్కీలో ఎండాకాలంలో పుచ్చకాయని ఉప్పటి తెల్ల చీజ్‌తో తింటారు, సలాడ్‌కి మూలం అదే. ఇక్కడ ఆ ఫెటా చీజ్ కోసం ఊరంతా తిరిగే ఓపిక నాకు లేదు. పనీర్ ఉంది. కానీ పనీర్ చప్పగా ఏడుస్తుంది, దాన్ని ఉత్తినే పడేస్తే ఎవరూ తినరు. అందుకని అరకిలో పనీర్‌ని చిన్న ముక్కలు చేసి, ఉప్పు బాగా వేసి నిమ్మరసం పిండిన నీళ్ళలో అరగంట నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. తీసేసరికి ముక్క అంచు కాస్త పులుపెక్కి, ఉప్పుగా, ఒకటి తింటే ఇంకోటి తినాలనిపించేలా తయారైంది. పిల్లలు గిన్నె చుట్టూ మూగి సగం అక్కడే లాగించేశారు, ఇంకో పావుకిలో తెప్పించాల్సి వచ్చింది. ఉల్లిపాయలు రెండే, కాగితంలా తరిగి చల్లటి నీళ్ళలో వేసి ఉంచితే ఆ ఘాటు పోతుంది. పుదీనా రెండు కట్టలు, ఆకులు చేత్తో తుంపాలి, కత్తి పెడితే నల్లబడుతుంది. మిరియాలు అప్పటికప్పుడు దంచి వేశాను. వేయించిన జీలకర్ర పొడి కొంచెం.

ఉప్పు మాత్రం ఆఖర్న, వడ్డించే ముందు. ఇది బోర్డు మీద రాసి గోడకి తగిలించాల్సిన మాట. ముందే ఉప్పేస్తే ముక్కలోని నీరంతా బయటికొచ్చేసి గిన్నెలో చారు, పైన పిప్పి మిగులుతాయి. కాయల్ని కొయ్యకముందే పైన బాగా కడిగి ఐసునీళ్ళ టబ్బులో పడేశాను, ఫ్రిజ్‌లో వాటికి చోటు లేదు మరి. కోసిన ముక్కల్ని ఈ ఎండల్లో గంటకి మించి బయట పెట్టకూడదు, అందుకే అందరూ వచ్చాకే కత్తి పట్టుకున్నాను.

ఇప్పుడు విను. అన్నీ కలిపి, నిమ్మకాయలు పిండి, ఉప్పు చల్లబోతున్నాను. వెనక నుంచి చుంయ్ మని చప్పుడు, ఇంగువ వాసన. తిరిగి చూస్తే అత్త, చేతిలో పోపు గరిట! ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, అన్నీ చిటపటలాడుతున్నాయి. "పోపు లేకుండా ఇంటికొచ్చిన వాళ్ళకి ఎలా పెడతావురా, పచ్చిగా?" అంది. అత్తా, వద్దత్తా, నువ్వలా కూర్చో అంటే వినదే! నేను గిన్నె ఎత్తుకుని మేడ ఆ చివరికి, ఆవిడ గరిట పట్టుకుని నా వెనక, పిల్లలు చప్పట్లు. కాకినాడ పిన్ని వీడియో తీసింది, నీకు పంపను. అడగకు.

చివరికి రాజీ ఏంటంటే, ఒక చిన్న గిన్నెడు ముక్కలు ఆవిడకి విడిగా ఇచ్చేశాను, పోపు చల్లారాకే పొయ్యాలనే షరతు మీద, వేడి నూనె పడితే ముక్క ఉడికినట్టయి మెత్తబడుతుంది కదా. పోసింది. కలిపింది. మొదటి ముక్క నా నోట్లోనే పెట్టింది.

ఒరేయ్. ఏం చెప్పమంటావు. చల్లటి తీపి, వెంటనే ఆవగింజ పంటి కింద పడి, ఆ వెనక మిర్చి. నాకు కోపమొచ్చింది, అంత బాగుంది. సలాడ్ అని మాత్రం అనను, అది ఇంకేదో. నాది హాయిగా ఉంటుంది, రెండు కప్పులు తిన్నా బరువనిపించదు. ఆవిడది రెండు ముక్కలు తింటే పెరుగన్నం గుర్తొస్తుంది. పెద్దవాళ్ళందరూ అటు, పిల్లలందరూ ఇటు. బావ రెండూ కలుపుకుని తిన్నాడు, వాడి సంగతి నీకు తెలుసుగా. బిర్యానీ వచ్చేసరికి రెండు గిన్నెలూ ఖాళీ.

మామయ్య ఉండుంటే ఈపాటికి... సర్లే. ఆ కుర్చీ ఇంకా మేడమీదే ఉందిరా, ఎవరూ కూర్చోలేదు, ఎవరూ ఏమీ అనలేదు కూడా.

మర్నాడు పొద్దున్న ఇంకో విడత. నేను పారేద్దామని పెట్టిన తొక్కలన్నీ అత్త వెనక్కి తీసుకుంది. పైన ఆకుపచ్చ చెక్కు తీసేసి, లోపలి తెల్లటి భాగం ముక్కలు చేసి, పచ్చిమిర్చితో నూనెలో మగ్గించి, కాస్త చింతపండు వేసి రోట్లో పచ్చడి. అచ్చం సొరకాయ పచ్చడే అనుకుని బావ మూడు వాయిల దోసెలు లాగించాక చెప్పింది, అది చెత్తబుట్టలోకి పోవాల్సిన తొక్కని. వాడి మొహం చూసి తీరాలి. దూది తెమ్మంటావా బావా అన్నాను, అప్పట్నుంచి మాట్లాడ్డం లేదు.

నువ్వు వచ్చే నెల వస్తున్నావా లేదా, అది ఖాయంగా రాయి. వస్తే ఇద్దరం కలిసి ఆ సెక్రటరీగాడి ఇంటికెళ్ళి వాడి బాకీ విషయం తేల్చాలి, వాడేమో ఈమధ్య నాకు ఎదురుపడి కూడా... అదిగో ఆటో వచ్చేసింది, బావ కింద నుంచి హారన్ కొట్టిస్తున్నాడు (మాట్లాడడుగా, అందుకని). నా రైలు నాలుగింటికి. అత్త పచ్చడి సీసా బ్యాగులో పెట్టిందో లేదో చూసుకోవాలి. సెక్రటరీగాడి కథ వచ్చే ఉత్తరంలో, గుర్తు చెయ్యి,

నీ
మూడో నంబర్