కొండ నీడని చూసి అడవి పోయిందంటే ఎలా?

ఎడిటర్ గారికి,

మొన్న మీ పేపర్లో కొండల్లో పచ్చదనం తగ్గిపోయిందంటూ రెండు శాటిలైట్ ఫొటోలు పక్కపక్కన వేశారు. అవి ఏ నెలలో తీసినవో కింద ఎక్కడా లేదు. ఇలాంటి ఫొటోల ప్రాసెసింగే నా పని కాబట్టి ఉండబట్టలేక రాస్తున్నాను.

ఇలాంటి ఫొటోలు తీసే శాటిలైట్లు ల్యాండ్‌శాట్ అయినా సెంటినెల్-2 అయినా ఏ చోటి మీదకైనా అక్కడి సూర్యుడి లెక్కన ఉదయం 10, 10.30 ప్రాంతంలోనే వస్తాయి. ఉత్తరార్ధగోళంలో చలికాలం ఆ వేళకి సూర్యుడు ఆగ్నేయాన కిందికి ఉంటాడు, అంటే కొండకి ఆ వైపు వాలు తళతళలాడుతుంటే వాయవ్యం వైపు వాలు నీడలో మునిగి ఉంటుంది, రెండు వైపులా ఒకే రకం చెట్లున్నా కంప్యూటర్ వాటిని రెండు వేరే అడవులనుకుంటుంది. పనిలో చేరిన కొత్తలో నేనూ ఓ లోయలో నల్లగా ఉన్నదంతా దట్టమైన అడవి అని రంగేసి ఇచ్చాను. తీరా అది ఉత్త బండ. అందరూ నవ్వారు లెండి.

పచ్చదనాన్ని కొలిచే ఎన్‌డీవీఐ అనే లెక్క ఉందిగా అంటారు. కంటికి కనపడని నియర్ ఇన్‌ఫ్రారెడ్ వెలుతురులోంచి ఎరుపు తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగిస్తాం కాబట్టి వెలుతురు తేడా చాలావరకు కొట్టుకుపోతుంది, నిజమే. కానీ చిక్కటి నీడలోకి చేరేది గాలిలో చెదిరి వచ్చిన వెలుతురే. ఎరుపుతో పోలిస్తే ఇన్‌ఫ్రారెడ్ తక్కువ చెదురుతుంది. దాంతో నిండుగా ఉన్న చెట్టు కూడా ఎండినట్టు లెక్క తేలుతుంది. మీ రెండో ఫొటోలో అడవి ‘పోయిన’ చోట్లన్నీ కొండలకి ఒకే పక్కన ఉన్నాయి, గమనించారా? చెట్లు కొట్టేవాళ్లు ప్రతి కొండనీ ఒకే వైపు నుంచి ఎక్కరు కదా.

దీనికి మందు లేక కాదు. 2000లో స్పేస్ షటిల్ రాడార్‌తో కొలిచిన ఎత్తుల డేటా ఉచితంగానే దొరుకుతుంది, దాన్నుంచి ఒక్కో పిక్సెల్‌కి వాలు ఎంత, ఎటు తిరిగి ఉంది, ఎండ ఏ కోణంలో తగిలింది అని చూసి వెలుతురు సరిచేస్తారు. అయితే ఉత్త ఆ కోణం కొసైన్‌తో భాగిస్తే ఎండ ఏటవాలుగా తగిలిన చోట ఆ అంకె సున్నా దగ్గరికి పోయి, నీడ వైపు కాస్తా అవతలి వైపు కన్నా తెల్లగా పేలిపోతుంది. అందుకే ఒక్కో బ్యాండ్‌కి, అంటే శాటిలైట్ విడిగా కొలిచే ఒక్కో రకం వెలుతురుకి, ఓ స్థిరాంకం కలిపే సి-కరెక్షన్ వాడతాం. అసలు ఎండే పడని చోట అదీ అంతంతమాత్రమే, ఆ భాగాన్ని మ్యాప్‌లో ఖాళీగా వదిలేయడమే మర్యాద.

ఈసారి వేసేటప్పుడు రెండు ఫొటోలూ ఒకే నెలవి అడిగి తీసుకోండి, తేదీలు కింద వేయండి, నీడ సరిచేశారో లేదో ఒక్క ముక్క రాయండి.

– మీ పాఠకుడు