మా తమ్ముడి నొప్పిని నమ్మిన ఆ అమ్మాయికి

మా తమ్ముడు మొన్న సాయంత్రం డిశ్చార్జ్ అయ్యాడు. ఖమ్మం చేరేసరికి అర్ధరాత్రి దాటింది. నాకింకా సరిగ్గా నిద్ర పట్టడం లేదు. అయినా ఇది ఇప్పుడే రాయాలి. ఆలస్యమైతే ఇంటి పనుల్లో పడి మర్యాదగా నాలుగు ముక్కలు రాసి ఊరుకుంటానేమోనని భయం.

ఏమైందని చాలామంది ఫోన్లు చేశారు. వాడిది క్రానిక్ పాంక్రియాటైటిస్. క్లోమ గ్రంథిలో ఏళ్ళ తరబడి వాపు ఉండి, లోపలంతా గట్టిపడి, నాళంలో రాళ్ళు చేరాయి. వాటిని బయటి నుంచి షాక్ తరంగాలతో పొడి చేసి, ఎండోస్కోపీతో తీసి, స్టెంట్ వేశారు. ఇప్పుడు కాస్త తింటున్నాడు. అన్నంతో పాటు ఎంజైమ్ క్యాప్సూల్స్ వేసుకోవాలి, షుగర్ వస్తుందేమో చూసుకుంటూ ఉండాలి.

అమ్మ, నాన్న, మా ఆయన, పిన్ని వాళ్ళు అందరూ పక్కనే ఉన్నారు. వాళ్ళ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఈ పోస్టు ఒక అమ్మాయి కోసం.

ఆసుపత్రిలో ఉండగా ఒకరోజు ఇన్సూరెన్స్ వాళ్ళ నుంచి ఫోన్ వచ్చింది. కేసు షీట్‌లో మద్యం అలవాటు అని ఉంది కాబట్టి క్లెయిమ్ ఇవ్వలేమన్నారు. మా వాడు జీవితంలో చుక్క ముట్టలేదు. క్యాజువాలిటీలో చేర్చిన రాత్రి, నొప్పితో మెలికలు తిరుగుతుంటే, వాణ్ణీ అడగకుండా మమ్మల్నీ అడగకుండా ఎవరో ఆ మాట రాసేశారు. ఫోన్ పెట్టేసి మెట్ల మీద కూలబడి ఏడ్చాను. వచ్చేపోయేవాళ్ళు చూస్తూ వెళ్తున్నారు. ఒకమ్మాయి మాత్రం వాటర్ బాటిల్ తెచ్చి, ఏమైందని కూడా అడగకుండా నా పక్కన కూర్చుంది. వాళ్ళ నాన్నగారికి గాల్ బ్లాడర్ ఆపరేషన్ అట. కాసేపాగి, "అక్కా, రిపోర్టులు చూడొచ్చా? నేను డాక్టర్‌ని కాదు, ఇమ్యునాలజీలో, అంటే రోగనిరోధక వ్యవస్థ మీద పీహెచ్‌డీ చేస్తున్నాను" అంది.

అంతమంది డాక్టర్లు రౌండ్స్‌కి వచ్చి వెళ్ళారు కానీ, లోపల అసలేం జరుగుతోందో కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు లేరు. తను స్కాన్ కవరు వెనక బొమ్మ గీసి చెప్పింది. క్లోమంలో తయారయ్యే ట్రిప్సిన్ అనే జీర్ణ ఎంజైమ్ చిన్నపేగులోకి వెళ్ళాకే పని మొదలుపెట్టాలి. గ్రంథిలో ఉండగానే మొదలుపెడితే అక్కడి కణాలే దెబ్బతింటాయి. అప్పుడు ముందుగా న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు పరుగెత్తుకొస్తాయి. వెనకే మోనోసైట్లు వచ్చి మాక్రోఫేజ్‌లుగా మారతాయి. చచ్చిన కణాలను శుభ్రం చేసి, దెబ్బను మాన్పడం వాటి పని. ఒకసారి వచ్చి తగ్గిపోతే గ్రంథి చాలావరకు కోలుకుంటుంది. కానీ దెబ్బ మళ్లీ మళ్లీ తగులుతుంటే ఆ మాన్పడమే ఆగకుండా సాగుతుంది. మాక్రోఫేజ్‌లు వదిలే టీజీఎఫ్-బీటా అనే ప్రోటీన్‌తో, అప్పటిదాకా ఊరికే ఉన్న స్టెల్లేట్ అనే కణాలు కొల్లాజెన్ అనే గట్టి ప్రోటీన్ పోగులు అల్లడం మొదలుపెడతాయి. అవి తిరిగి మాక్రోఫేజ్‌లకు సంకేతాలు పంపి, ఇంకా అదే పని చేయిస్తాయి. "మోకాలి పుండు చెక్కు కట్టగానే గీరేస్తూ ఉంటే చివరికి అక్కడ మందంగా మచ్చ మిగులుతుంది కదక్కా, అలాగ" అంది. ఆ మచ్చ మధ్యలో జీర్ణరసాలు చేసే కణాలు, కొన్నాళ్ళకు ఇన్సులిన్ చేసే కణాలు కూడా తగ్గిపోతాయట.

బిల్లులో ఐజీజీ4 అని ఒక యాంటీబాడీ టెస్ట్ ఉంది. ఎందుకు చేయించారో అప్పటిదాకా మాకు తెలియదు. కొందరిలో రోగనిరోధక వ్యవస్థే నేరుగా క్లోమం మీద పడుతుందట. అది ఆటోఇమ్యూన్ రకం, దానికి స్టెరాయిడ్లు బాగా పనిచేస్తాయి. మా వాడిది అది కాదని తేల్చుకోవడానికే ఆ టెస్ట్. ఈ రెండు ముక్కలు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

ఇక్కడితో ఆగిపోయినా తనకి రుణపడి ఉండేదాన్ని. మర్నాడు వాళ్ళ నాన్నగారు డిశ్చార్జ్ అయిపోయారు. అయినా సాయంత్రం తను మళ్లీ వచ్చింది, మా తమ్ముడి కోసం. వాడప్పటికి ఎవరితోనూ మాట్లాడటం మానేశాడు. ఎందుకంటే రాత్రిళ్ళు నొప్పి అంటే, "లైపేజ్ నార్మల్‌గానే ఉంది, ఇంత నొప్పి ఎందుకుంటుంది?" అనేవారు. లైపేజ్ అంటే రక్తపరీక్షలో చూసే క్లోమం ఎంజైమ్. ఇంజెక్షన్ కోసం నాటకమాడుతున్నాడన్నట్టు చూసేవారు. తను స్టూలు లాక్కుని కూర్చుని వాడితోనే నేరుగా మాట్లాడింది. "అన్నా, ఈ దశలో లైపేజ్ పెరగకపోవచ్చు. చాలా గ్రంథి పాడైపోతే పెరగడానికి మిగిలేదే తక్కువ. నొప్పి లేదని దానర్థం కాదు. క్లోమంలో నరాల చుట్టూ కూడా రోగనిరోధక కణాలు గుమిగూడతాయి. వాటిలో మాస్ట్ కణాలు అనేవి వదిలే పదార్థాలు నరాలను రెచ్చగొడతాయి. నీ నొప్పి నిజం. ఇందులో నువ్వు చేసిన తప్పేం లేదు."

వాడు వెక్కివెక్కి ఏడ్చాడు. ముప్పై ఏళ్ళ మగపిల్లాడు అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఏడుపు తగ్గాక ప్రశ్నలడగడం మొదలుపెట్టాడు. ఆ రాత్రి అన్నం అడిగి తిన్నాడు.

తను ప్రింట్లు కూడా తెచ్చింది. మన దేశంలో 1,086 మంది క్రానిక్ పాంక్రియాటైటిస్ రోగుల మీద చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. అందులో సుమారు 60 శాతం మందికి మద్యం కాదు, ఏ కారణమూ తేలలేదు. ట్రిప్సిన్‌ను అదుపులో ఉంచే స్పింక్1 జన్యువులో మార్పులు ఇలాంటి మన రోగుల్లో చాలామందిలో కనిపిస్తాయని, దాని మీద హైదరాబాద్ హబ్సిగూడలోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలోనే పరిశోధన జరిగిందని చెప్పింది. ఇంత సమాచారం మన దగ్గరే ఉండగా, క్యాజువాలిటీ బల్ల దగ్గర మాత్రం కడుపునొప్పితో వచ్చిన ప్రతి మగవాడూ తాగుబోతే! ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఇంకో ఆఫీసులో ఇంకెవరో లక్షల రూపాయల క్లెయిమ్ కొట్టిపారేస్తారు. రాసినవాళ్ళు రోగి మొహం గుర్తుపెట్టుకోరు, కొట్టిపారేసినవాళ్ళు రోగిని చూడనే చూడరు. మేం చదువుకున్నవాళ్ళం కాబట్టి పోరాడుతున్నాం. పొలం తాకట్టు పెట్టి వచ్చినవాళ్ళ గతేంటి? ఆ ఆసుపత్రి హాల్లో అలాంటివాళ్ళని చూశాను, అందుకే ఇంత కోపం.

జబ్బుకు కారణం ఏమిటో, వాణ్ణి చూస్తున్న డాక్టరుగారితోనే లెటర్ రాయించుకోమని చెప్పింది కూడా తనే. ఆయన వెంటనే రాసిచ్చారు, కేసు షీట్ కూడా సరిచేయించారు. క్లెయిమ్ ఇంకా తేలలేదు. ఎవరికైనా ఇలాగే జరిగితే నాకు మెసేజ్ పెట్టండి, మేం పెట్టిన అప్పీలు కాపీ పంపిస్తాను.

ఈ మచ్చ కట్టడాన్ని ఆపే మందు ఇప్పటికైతే లేదు. తను పనిచేసేది ఆ మాక్రోఫేజ్‌ల మీదే. చెల్లీ, నీ పేరు ఇక్కడ రాయొద్దన్నావు, రాయడం లేదు. నీ చదువు చల్లగా సాగాలి. నువ్వు ఖమ్మం వైపు వస్తే మా ఇల్లు నీ పుట్టిల్లే అనుకో.

ఎండోస్కోపీ చేసిన డాక్టరుగారికి, ఆయన టీమ్‌కి కృతజ్ఞతలు, ముందే చెప్పాల్సింది. నైట్ డ్యూటీ కేరళ సిస్టర్‌కి కూడా, ఆవిడ ఒక్కరే నొప్పి అనగానే వచ్చేవారు. మా స్కూల్లో నా క్లాసులు తీసుకున్న టీచర్లందరికీ. అమ్మని వరండాలో పడుకోనిచ్చిన సెక్యూరిటీ బాబాయ్‌కి. క్యాప్సూల్స్ స్టాక్ లేకపోతే వేరే షాపు నుంచి తెప్పించి ఇచ్చిన మెడికల్ షాపు అబ్బాయికి. అయ్యో, ఖమ్మం నుంచి ఆ రాత్రి కారు నడిపిన పక్కింటి అన్నయ్యని మర్చిపోయాను. డీజిల్ డబ్బులు కూడా తీసుకోలేదు. అన్నయ్యా, రేపు వదినతో మాట్లాడి ఇస్తాను, ఈసారి కాదనొద్దు.