అప్పుడు నిలబడ్డ చోటే ఇప్పుడూ నిలబడాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. విజయవాడ ప్రకాశం బ్యారేజీ దిగువన మే నెలలో తీసిన ఫోటోలో ఇసుక మేటలు తప్ప మరేమీ కనిపించవు. అదే చోట సెప్టెంబరు వరదలో తీస్తే ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఎర్రనీళ్లే. మొదటిదాని కింద ‘ఇప్పుడు’ అనీ రెండోదాని కింద ‘అప్పుడు’ అనీ రాస్తే కృష్ణమ్మ ఎండిపోయిందని పాఠకులు నమ్ముతారు. పేర్లు తారుమారు చేస్తే నది నిండిందని కూడా నమ్ముతారు. నిజానికి ఆ రెండూ ఒకే ఏడాది తీసినవి కావచ్చు. పత్రికల్లో వచ్చే ‘అప్పుడు–ఇప్పుడు’ జంట ఫోటోల్లో చాలావాటికి ఈ దోషం ఉంటోంది. అందుకే ఈ ఉత్తరం.

నది సంగతే ముందు చూద్దాం. బ్యారేజీకి ఎగువన నీళ్లను 57.05 అడుగుల మట్టం దాకా నిలబెడతారు కాబట్టి అక్కడ ఎండాకాలంలోనూ చెరువులా కనిపిస్తుంది. దిగువ భాగం గేట్లు ఎత్తినప్పుడే నిండుతుంది. కాబట్టి ఎగువ ఫోటోను ఎగువ ఫోటోతో, దిగువ ఫోటోను దిగువ ఫోటోతో, అదీ ఒకే నెలలో తీసినవాటితో పోల్చాలి. 1957కు ముందు ఫోటో అయితే ఇంకో మెలిక ఉంది. అందులో కనిపించేది బ్యారేజీ కాదు, 1855లో పూర్తయిన పాత ఆనకట్ట. అది 1952లో తెగింది. 1954లో పని మొదలుపెట్టి 1957లో ఇప్పటి 70 ఖానాల బ్యారేజీ తెరిచారు. పాత ఆనకట్ట ఎగువన ఇంత నీరు నిలిచేది కాదు. ఆ సంగతి చెప్పకుండా రెండు ఫోటోలూ పక్కపక్కన వేస్తే, పాత ఫోటోలో పైకి తేలిన రాళ్లను చూసి ‘అప్పట్లో కరువు’ అనుకుంటారు.

ఇక అసలు పని, పాత ఫోటోగ్రాఫరు నిలబడ్డ చోటు పట్టుకోవడం. ఫోన్‌లోని జీపీఎస్ దీనికి సరిపోదు, అది అయిదారు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. కచ్చితంగా చెప్పేది ఫోటోయే. పాత ఫోటోలో దగ్గరున్న వస్తువు అంచు, దాని వెనక దూరంగా ఉన్న దేన్ని తాకుతోందో చూడాలి. ఉదాహరణకు మన ముందు 10 మీటర్లలో ఒక కరెంటు స్తంభం, 50 మీటర్లలో ఒక గోడ ఉన్నాయనుకోండి. మనం ఒక మీటరు కుడికి జరిగితే ఆ గోడ మీద స్తంభం నాలుగు మీటర్లు ఎడమకు జరిగినట్టు కనిపిస్తుంది. అంటే పాత ఫోటోలో స్తంభం గోడలోని మూడో కిటికీకి ఆనుకుని ఉంటే, మనకూ అలాగే కనిపించేదాకా పక్కకు జరగడమే. ఇలాంటి జతలు ఫోటోకు ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి దొరికితే అరమీటరు తేడాలోపు ఆ చోటు దొరుకుతుంది.

ముందుకూ వెనక్కూ జరగడానికి కొలత వేరు. దగ్గరున్న అరుగు 20 మీటర్లలో, వెనక కొండ 200 మీటర్లలో ఉంటే, రెండు మీటర్లు ముందుకు వెయ్యగానే అరుగు సుమారు 11 శాతం పెద్దదవుతుంది, కొండ ఒక్క శాతమే. పాత ప్రింటు మీద స్కేలు పెట్టి అరుగు ఎన్ని మిల్లీమీటర్లు, కొండ ఎన్ని మిల్లీమీటర్లు అని కొలిచి, ఆ నిష్పత్తి కొత్త ఫోటోలో ఎంతుందో చూడండి. అరుగు లెక్కకు మించి పెద్దగా ఉంటే ఇంకా వెనక్కి రావాలి. జూమ్ చేసినందువల్ల ఈ నిష్పత్తి మారదు, నిలబడ్డ చోటు మారితేనే మారుతుంది. ఈ ఒక్క విషయం తెలియకే చాలామంది రోడ్డుకు అవతల నిలబడి జూమ్‌తో సరిపెట్టేస్తున్నారు. పోలికంతా అక్కడే చెడుతుంది.

ఎత్తునూ మరిచిపోకూడదు. పైనుంచి తొంగిచూసి తీసే రెండు లెన్సుల పెట్టె కెమెరాలు ఒకప్పుడు స్టూడియోల వాళ్ల దగ్గర ఎక్కువగా ఉండేవి. వాటిని బొడ్డు దగ్గరో ఛాతీ దగ్గరో పట్టుకుని తీసేవారు. ఆ ఫోటోలకు జతగా ఫోన్‌ను కళ్ల ఎత్తున పట్టుకుని తీస్తే నేల ఎక్కువ కనిపిస్తుంది, ముందున్న బండ్లు వెనకున్న గుమ్మాలను మునుపటిలా కప్పవు. అలాంటప్పుడు మోకాళ్ల మీద కూర్చుని తీయాలి. ఆ కెమెరాలు అడ్డంగా సుమారు 40 డిగ్రీల మేర దృశ్యాన్ని పట్టేవి. ఇప్పటి ఫోన్ అడ్డంగా పట్టుకుంటే సుమారు 70 డిగ్రీలు పడుతుంది. కాబట్టి తీశాక ఫ్రేములో మధ్య సగం కత్తిరించుకోవాలి, లేదా రెండింతల జూమ్ పెట్టాలి. 0.5 వైడ్ లెన్సు మాత్రం వాడొద్దు, అది అంచుల్లోని భవనాలను సాగదీస్తుంది. ఫోన్‌ను పైకి వంచినా గోడలు లోపలికి వాలినట్టు వస్తాయి. నిటారుగా పట్టుకుని ఎక్కువ మేర తీసి, పైభాగాన్ని తర్వాత కత్తిరించుకోవడం మేలు.

పోల్చుకోవడానికి మన ఊళ్లో కొండలున్నాయి, అది మన అదృష్టం. భవనాలు పడగొడతారు, చెట్లు కొట్టేస్తారు, ఇంద్రకీలాద్రి శిఖరపు గీత మాత్రం పెద్దగా మారదు. గాంధీ కొండ, మొగల్రాజపురం, గుణదల, అవతలి ఒడ్డున సీతానగరం కొండ, వీటిలో ఏ రెండు ఫోటోలో కనిపించినా దిక్కు తెలిసిపోతుంది. అయితే శిఖరాన్ని నమ్మండి, కొండవాలును నమ్మకండి. వాలంతా ఇళ్లు ఎక్కేశాయి, రాయి జారింది. పాత ఫోటో కింద ‘ఓర్ హిల్’ అని రాసి ఉంటే అది గాంధీ కొండే. 1968లో తెరిచిన 52 అడుగుల స్తూపం దాని మీద కనిపించకపోతే ఫోటో అంతకుముందుది.

కొన్ని చోట్ల పాత స్థలం ఇక లేదు. దుర్గ గుడి కింద రోడ్డు మీద నిలబడి తీసిన ఫోటోలకు 2020 అక్టోబరులో తెరిచిన ఫ్లైఓవర్ అడ్డం వస్తుంది. సత్యనారాయణపురంలో రైలు పట్టాలున్న చోట ఇప్పుడు బస్సుల కోసం వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డు ఉంది. స్వరాజ్య మైదానంలో 2024 జనవరిలో అంబేడ్కర్ విగ్రహం వెలిసింది, పీఠంతో కలిపి 206 అడుగులు. ఇలాంటప్పుడు పక్కకు జరిగి తీయడం తప్పేమీ కాదు, ఎంత జరిగామో రాయకపోవడమే తప్పు. ‘అసలు చోటుకు నాలుగు మీటర్లు తూర్పున’ అన్న ఒక్క వాక్యం చాలు. రోడ్డు మధ్యలో నిలబడాల్సి వస్తే ఆదివారం తెల్లవారగానే వెళ్లాలి, బండ్లను చూసేందుకు తోడుగా ఒకరుండాలి.

నీడలు కాలాన్ని పట్టిస్తాయి. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరుంది. కాబట్టి మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. మిట్టమధ్యాహ్నం తీసిన ఫోటోలో ఉత్తరం గోడ మీద ఎండ పడుతుంటే అది ఆ మూడు నెలల్లో తీసినదే. డిసెంబరు చివర్లో అయితే మిట్టమధ్యాహ్నం కూడా స్తంభం నీడ స్తంభం ఎత్తులో అయిదింట నాలుగు వంతులకు పైగా ఉంటుంది. కొత్త ఫోటో అదే నెలలో, నీడలు అదే పొడవున ఉన్న వేళకు తీస్తే జంట అందంగానూ ఉంటుంది, నిజంగానూ ఉంటుంది.

సంవత్సరం తేల్చడానికి బోర్డులను మించిన సాక్షి లేదు. ధరల పట్టికలో అణాలు కాక ‘నయా పైసలు’ ఉంటే 1957 నుంచి 1964 నాటి రాత అన్నమాట. అంగడి బోర్డు మీద పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతిది. ‘పురపాలక సంఘం’ అని ఉంటే 1981కి ముందు రాసినది, ‘నగరపాలక సంస్థ’ అని ఉంటే ఆ తర్వాతిది. బండి నంబరు ‘ఏపీ 16’తో మొదలైతే 1989కి ముందుది కాదు. చెన్నై–కోల్‌కతా రహదారి బోర్డు మీద 5 అంకె ఉంటే ఆ బోర్డు 2010 నాటి నంబర్ల మార్పుకు ముందుది. ‘ఎన్టీఆర్ జిల్లా’ అని ఉంటే 2022 ఏప్రిల్ తర్వాతిది. కానీ బోర్డు రాసిన నాడే ఫోటో తీశారని కాదు, పాత బోర్డులు పాతికేళ్లు కూడా వేలాడుతుంటాయి. అందువల్ల ఫోటోలో అన్నిటికన్నా కొత్త గుర్తును పట్టుకోవాలి, ఫోటో దానికి ముందుది అయ్యే వీలు లేదు. ఇవతలి హద్దు తేల్చడానికి ఇంకా రానిదేదో చూడాలి. బ్యారేజీ ఉండి, గాంధీ కొండ మీద స్తూపం లేకపోతే ఆ ఫోటో 1957కూ 1968కీ మధ్యది. గోడల మీది సినిమా పోస్టర్లు ఇంకా దగ్గరగా చెబుతాయి, విడుదల తేదీ తెలిస్తే ఒక్కోసారి నెల కూడా దొరుకుతుంది.

తిరగబడిన ఫోటోలు కూడా ప్రచారంలో ఉన్నాయి. నెగటివ్‌ను వెనక వైపు ముందుకు వచ్చేలా తిప్పి పెట్టి స్కాన్ చేస్తే కుడి ఎడమలు మారిపోతాయి. అక్షరాలు కనిపించకపోతే ఆడవాళ్ల పమిట చూడండి, అందరికీ కుడి భుజం మీద ఉందంటే ఫోటో తిరగబడ్డట్టే. బండ్లు రోడ్డుకు కుడివైపున పోతున్నా అంతే. ధవళేశ్వరం ఆనకట్టను బెజవాడ ఆనకట్ట అనుకోవడం ఇంకో తేలికైన పొరపాటు. ఇక్కడ రెండు ఒడ్డులా కొండలు దగ్గరకొచ్చి నిలుస్తాయి, అక్కడ గోదావరి మధ్య లంకలు, ఆనకట్ట నాలుగు ముక్కలు. కొండలు చూస్తే చాలు.

ఒక విన్నపం గట్టిగా చేస్తున్నాను. పాత నలుపు తెలుపు ఫోటోలకు రంగులు వేసే, మసకను ‘స్పష్టం’ చేసే యాప్‌లతో మార్చిన ప్రతులను దయచేసి అచ్చు వేయొద్దు. ఆ యాప్‌లు లేని కిటికీలు గీస్తాయి, అక్షరాలను అర్థం లేని గీతలుగా మారుస్తాయి, ఊహించిన రంగునే అసలు రంగులా చూపిస్తాయి. ఇంటి సున్నం పసుపో నీలమో నలుపు తెలుపు ప్రింటు చెప్పలేదు. వెలిసిన రంగు ఫోటోలను స్కాన్ చేశాక ఎర్రదనాన్ని తగ్గించడం వేరు, అది ఉన్నదాన్ని సరిచేయడమే. వెలిసినదాన్నీ సరిచేసినదాన్నీ రెండింటినీ దాచుకోవాలి.

ఇవన్నీ చేయాలంటే ముందు ఫోటోలు మిగలాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్ ఇళ్లలో రోజుల తరబడి నిలిచాయి. తడిసిన ఆల్బమ్‌ను ఎండలో ఆరబెట్టడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ప్రింట్లు ఒకదానికొకటి అతుక్కుని, విడదీస్తే బొమ్మ ఊడి వస్తుంది. తడిగా ఉండగానే పళ్లెంలో చల్లని శుభ్రమైన నీళ్లు పోసి నానబెట్టి, వాటంతటవి విడివడేదాకా ఆగాలి. బొమ్మ వైపు వేలు తగలకుండా అంచులు పట్టుకుని, బొమ్మ పైకి ఉండేలా నూలుగుడ్డ మీద నీడలో పరచాలి. రెండు రోజుల్లోపు ఆ పని కుదరదనుకుంటే, ప్రింట్ల మధ్య ప్లాస్టిక్ కాగితాలు పెట్టి సంచిలో కట్టి ఫ్రీజర్‌లో ఉంచితే బూజు పట్టదు, తీరిక దొరికాక తీసి పని చేసుకోవచ్చు. పటం అద్దానికి అతుక్కుపోయి ఆరిన ఫోటోను మాత్రం పీకొద్దు, అద్దంతో సహా స్కాన్ చేయండి. మామూలు ప్రింట్లకు 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), అగ్గిపెట్టెంత చిన్నవాటికి 1200 పెట్టుకోవాలి. వెనక వైపు కూడా స్కాన్ చేయాలి, స్టూడియో ముద్రా తేదీ అక్కడే ఉంటాయి. కొత్తగా రాయాల్సింది ఉంటే మెత్తని పెన్సిలుతోనే రాయండి, బాల్‌పెన్ ఒత్తు ముందువైపు తేలుతుంది. లామినేషన్ జోలికి అసలు పోవద్దు, వేశాక తీయడం కుదరదు.

చివరిగా, మీ పేజీలో జంట ఫోటోలు వేసేటప్పుడు రెండూ ఒకే కొలతలో, ఒకే కత్తిరింపుతో ఉండేలా చూడండి. కింద ఈ వివరాలు ఇవ్వండి: నిలబడ్డ చోటు, చూస్తున్న దిక్కు, కొత్త ఫోటో తీసిన తేదీ, పాతదాని సంవత్సరం లేదా ఏ ఏళ్ల మధ్యదో, ఆ సంగతి ఏ గుర్తును బట్టి తేల్చారో. బ్యారేజీ ఫోటో అయితే ఆ రోజు నీటిమట్టం, ఎత్తిన గేట్ల సంఖ్య కూడా వేయండి. 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు తీసిన ఫోటోను మామూలు రోజు ఫోటో పక్కన పెట్టేవారికి ఆ అంకెలే అడ్డుపడతాయి. ఆ వరదలో పడవలు గుద్దుకుని విరిగిన కౌంటర్‌వెయిట్ల (గేట్లు ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మెల) చోట తర్వాత కొత్తవి అమర్చారు కాబట్టి, బ్యారేజీ ఫోటోలకు ఇకమీద అదీ ఒక తేదీ గుర్తే.

ఇట్లు,
పాత ఫోటోలు సేకరించే ఒక పాఠకుడు,
విజయవాడ