మంత్రి గారూ, ఆరు కోళ్ల కోసం టీకా సీసా తెరవరా?

గౌరవనీయులైన పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇది నా నాలుగో అర్జీ. మొదటి మూడూ మీ కార్యాలయానికి ముట్టినట్టు ముద్ర వేసిన కాగితాలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. జవాబే లేదు. అందుకని ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. పెరటి కోళ్ల పథకం గురించి మీకు నేను చెప్పేదేముంది? కోడిపిల్లల్ని పంచిన రోజు వేదిక మీద ఉన్నది మీరే. వాటి జబ్బులూ మందులూ శాఖే చూసుకుంటుందని మాటిచ్చిందీ మీరే.

మీ శాఖ ఎలా చూసుకుందో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

నా ఆరు కోళ్లలో ఎర్రది ఒకనాటి పొద్దున గూట్లోంచి దిగలేదు. ఈకలు ఉబ్బించుకుని, మెడ లోపలికి లాక్కుని మూలన కునుకుతోంది. గింజలు చల్లితే మిగతావి ఎగబడ్డాయి గానీ ఇది కళ్లు కూడా సరిగ్గా తెరవలేదు. కోడి ఒంట్లో బాగాలేదని ఒక పట్టాన బయటపడనివ్వదు. నీరసం కనబడితే మిగిలినవి పొడుస్తాయి. మనకు తెలిసేసరికి జబ్బు ముదిరే ఉంటుంది. అందుకే మందలోంచి తీసి, ఒక అట్టపెట్టెలో పాత గుడ్డలు పరిచి విడిగా పెట్టాను. జ్వరమేమోనని పట్టుకుంటే ఒళ్లు కాలిపోతోంది. తర్వాత తెలిసింది, కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల దాకా ఉంటుందట. చేత్తో ముట్టుకుని జ్వరం చెప్పలేం. ఈ ఒక్క ముక్క ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ రోజంతా హడలి చచ్చేదాన్ని కాదు.

పశువుల ఆస్పత్రికి పరిగెత్తాను. అక్కడున్నాయన పెట్టెలోకి కనీసం తొంగి చూడలేదు. కోడికి వైద్యమేంటమ్మా, కోసేసుకో అన్నాడు. జబ్బు కోడిని కోసుకు తినమని సలహా ఇవ్వడానికి ప్రభుత్వం జీతం ఇస్తోందని నాకు అప్పటిదాకా తెలియదు. నేను కదలకపోయేసరికి మాత్రల అట్ట ఒకటి చేతిలో పెట్టాడు. గేదెలకిచ్చే మాత్రలవి. రెండు కిలోలు కూడా లేని ప్రాణికి ఎంత వెయ్యాలి? సగమా, చిటికెడా? మందు వాడాక ఎన్నాళ్లపాటు దాని గుడ్లు తినకూడదు? అడిగాను. నీకన్నీ కావాలి అన్నట్టు చూశాడు. ఆ అట్ట ఇంకా అలాగే ఉంది. మీకు కావాలంటే పంపిస్తాను.

ఇంటికొచ్చి నా వైద్యం నేనే మొదలుపెట్టాను. మెడ కింద మేత సంచి తడిమితే రాయిలా ఉంది. రాత్రంతా ఏమీ తినని కోడికి తెల్లారేసరికి ఆ సంచి ఖాళీగా ఉండాలి. దీనికేమో నిన్నటి మేతంతా అక్కడే ఉండిపోయింది. తప్పు నాది కూడా ఉంది, దాచను. పక్క వీధిలో తెగులు తిరుగుతోందని విని నెల రోజులుగా వాటిని బయటికి వదల్లేదు. ఇసుకా, చిన్న చిన్న రాళ్లూ ఏరుకు తింటేనే కందనకాయలో మేత నలుగుతుంది. అవి లేకపాయె. పైగా నేనే పొడవాటి గడ్డి కోసి వేశాను. ఆ పోచలు లోపల ఉండ కట్టాయి.

మేత ఆపేసి నీళ్లు మాత్రం ఇచ్చాను. అదీ నోరు తెరిచి పోయకూడదు. నాలుక వెనకే గాలి గొట్టం రంధ్రం ఉంటుంది, ఒక్క గుక్క అటు పోయిందా, ప్రాణం పోయినట్టే. ముక్కు అంచున ఒక్కో చుక్క రాస్తే అదే చప్పరించి మింగేది. గంటకోసారి సంచిని వేళ్లతో మెల్లగా పిసికాను. తలకిందులుగా పట్టుకుని దులిపితే కక్కేస్తుందని చుట్టుపక్కల వాళ్లు చెప్పారు. అలా చేస్తే కక్కింది గొంతుకడ్డం పడి ఊపిరాడక చస్తుంది. ఎవరి మాటా వినలేదు. రాత్రుళ్లు పెట్టె పక్కనే పడుకున్నాను. మూడో రోజు పొద్దునకి సంచి మెత్తబడింది. నాలుగో రోజు రెట్ట వేసింది. కోడి రెట్ట చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నేనేమో, నవ్వుకుంటే నవ్వుకోండి.

ఎర్రది బతికింది. మీ పథకం లెక్కల్లో అది బతికిన కోడి కింద, మీ శాఖ ఘనత కింద చేరిపోతుంది కాబోలు.

రెండు నెలలు తిరక్కుండానే కొక్కెర తెగులు మా పెరట్లోకి వచ్చింది. పచ్చగా, తెల్లగా పారుడు, నోరు తెరిచి గురక, మెడ మెలితిరిగిపోవడం. సేవ చేసి చూశాను, ఈ తెగులుకి మందు లేదు. నీళ్లూ వెచ్చదనమూ ఇచ్చి పక్కన కూర్చోవడమే. వారంలో నాలుగు పోయాయి. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాను. ఈ జబ్బును 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో, మరుసటి ఏడాది మన దేశంలోని రాణిఖేత్‌లో గుర్తించారు. ఆ ఊళ్ల పేర్లే దానికి పెట్టారు. టీకా కూడా ఏనాటి నుంచో ఉంది. మందు లేని జబ్బుకి టీకా ఒక్కటే దారని మీ కరపత్రంలోనే ఉంది కదండీ.

పిల్లల్ని ఇచ్చేటప్పుడు ఏడో రోజు కంట్లో చుక్క వేశామన్నారు. ఎనిమిదో వారం రెక్క కింద సూది వేస్తామన్నారు. ఎనిమిదో వారం వెళ్లాను. సీసాలో వంద కోళ్లకు సరిపడా మందు ఉంటుంది, ఒకసారి కలిపితే రెండు గంటల్లో వాడెయ్యాలి, మీ ఆరింటి కోసం తెరవలేం అన్నారు. పదో వారం వెళ్లాను. అదే మాట. పన్నెండో వారం ఫ్రిజ్ పాడైందన్నారు. మిగతా తొంభై నాలుగు కోళ్లను నేనెక్కడి నుంచి తేను సార్? ఇంటికి ఆరేసి కోళ్లు పంచింది మీరే కదా. పదహారు ఇళ్లవాళ్లను ఒకే పూట పిలిస్తే సీసా సరిపోతుంది. ఏ ఇంటికి ఎన్ని ఇచ్చారో పేర్లతో సహా జాబితా మీ దగ్గరే ఉంది. దానికి నిధులక్కర్లేదు, కొత్త పథకం అక్కర్లేదు, ఒక తేదీ చెబితే చాలు.

మందు ఎంతెయ్యాలో చెప్పే మనిషి కావాలి. జబ్బు కోడిని చూపిస్తే తొంగి చూసే మనిషి కావాలి. సూది తేదీ కావాలి. మొదటి అర్జీలోనూ ఇవే రాశాను, రెండోదాంట్లోనూ ఇవే.

ఎర్రదీ, ఒక తెల్లదీ మిగిలాయి. వచ్చే సోమవారం రెండింటినీ గంపలో పెట్టుకుని మళ్లీ ఆస్పత్రికి వెళ్తున్నాను. ఈసారి సీసాకి తొంభై ఎనిమిది తక్కువ అంటారేమో.

ఇట్లు,
మీ పథకం లబ్ధిదారు