ఇవ్రేయాలో మాకు దారి చూపిన పెద్దావిడకు కృతజ్ఞతలు

ఇటలీలోని టూరిన్ నుంచి రైలులో ఆల్ప్స్ పాదాల దగ్గరున్న ఇవ్రేయాకు వెళ్లిన రోజు, స్టేషన్ బయట పటం పట్టుకుని తికమకపడుతున్న మా దంపతులను చూసి, చేతిలోని కూరగాయల సంచితోనే ఆగి, మాతో యెర్విస్ వీధి దాకా నడిచి వచ్చిన పెద్దావిడకు ఈ నాలుగు మాటలు.

అమ్మా, మీ పేరు అడగడం మరిచాము. మీకు ఇంగ్లీషు రాదు, మాకు ఇటాలియన్ రాదు. అయినా 1908లో కమిల్లో ఒలివెట్టి టైప్‌రైటర్ల సంస్థను ప్రారంభించిన ఎర్ర ఇటుకల భవనాన్నీ, దానిని ఆనుకుని ఆయన కుమారుడు అడ్రియానో కాలంలో లేచిన పొడవాటి అద్దాల కర్మాగారాన్నీ మీరు చేతి సైగలతోనే వేరు చేసి చూపించారు. గాలిలో వేళ్లతో టైపు కొట్టి, మీ గుండెపై చెయ్యి వేసుకున్నప్పుడు మీరూ అక్కడ పనిచేశారని మాకు అర్థమైంది. టైప్‌రైటింగ్ లోయర్ పరీక్ష కోసం ఇన్‌స్టిట్యూట్‌లో నెలల తరబడి మీటలు కొట్టిన నాకు ఆ సైగకు అనువాదం అక్కరలేదు.

ఉద్యోగుల కోసం కొండవాలులో అర్ధచంద్రాకారంగా, సగం నేలలోకి దించి కట్టిన ఇళ్లను ఊరివారు 'తల్పోనియా' అంటారనీ, 'తల్పా' అంటే నేలను తవ్వే చిన్న జంతువనీ బొమ్మ గీసి చెప్పారు. ఆ కాగితం నా దగ్గర భద్రంగా ఉంది. 2018లో యునెస్కో ఈ పారిశ్రామిక నగరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది గానీ, మీరు లేకపోతే మేము గోడలు మాత్రమే చూసి తిరిగి వచ్చేవాళ్లం.

మీ వంట ఆలస్యమైనందుకు మన్నించండి.